ఆటల పెట్టెలో దాగిన లైనక్స్

విదేశం నుంచి వచ్చిన మీ బాబాయి ఒక పెట్టె తెచ్చాడనుకోండి. చూడటానికి అది అచ్చం 1982 నాటి కమొడోర్ 64 కంప్యూటరు. అదే మట్టిరంగు, అవే గుండ్రటి అంచులు, అదే కీబోర్డు. కాకపోతే సైజులో సగం. టెలివిజనుకు తగిలించి స్విచ్చి వేస్తే తెరమీద ఆటల బొమ్మలు వరుసగా కదులుతాయి. మొత్తం 64 ఆటలు. మీకు తొందర ఎక్కువ. ఏదో టైపు చేద్దామని ఒక మీట నొక్కుతారు. అది దిగదు. పక్కదాన్ని నొక్కుతారు. అదీ దిగదు. అవి మీటలు కావు, మీటల ఆకారంలో పోతపోసిన ప్లాస్టిక్కు!

2018లో 'ది సీ64 మినీ' పేరుతో అమ్మకానికి వచ్చిన పరికరం ఇది. ఆ తరువాత 2022లో అమీగా 500 ఆకారంలోనూ, 2024లో అటారీ 400 ఆకారంలోనూ ఇలాంటి చిన్న పెట్టెలే వచ్చాయి. వాటి కీబోర్డులూ అలంకారానికే. టైపు చేయాలంటే వేరే కీబోర్డు కొని యూఎస్‌బీ రంధ్రంలో తగిలించుకోవాలి.

ఇంతకీ ఆ పెట్టె లోపల ఏముంది? 1982 నాటి చిప్పు లేదు. మన మొబైల్ ఫోనుల్లో ఉండే ఏఆర్‌ఎం జాతి చిప్పు ఉంది. దానిమీద లైనక్స్ నడుస్తోంది. ఆ లైనక్స్ మీద 'నేను కమొడోర్ 64ను' అని నటించే ప్రోగ్రాము ఒకటి నడుస్తోంది. ఇలాంటి ప్రోగ్రామును ఎమ్యులేటరు అంటారు. మీరు ఆడే ఆట ఆ నటుడి లోపల జరుగుతుంది. అంటే ఇరవై ఏళ్ళ క్రితం ఒక కళాశాల ప్రయోగశాలకు సరిపోయే శక్తి ఆ చిన్న పెట్టెలో ఉంది, ఆ శక్తిని అడిగి పనిచేయించుకునే మార్గం మాత్రం మూసి ఉంది. నా ఫిర్యాదు ఆటల మీద కాదు. ఆటలు బాగానే ఉంటాయి. పాత కంప్యూటరును గుర్తుచేస్తామని చెప్పి అందులో ఏది గుర్తుంచుకున్నారు, ఏది వదిలేశారు అన్నదే నా ప్రశ్న.

అసలు కమొడోర్ 64ను స్విచ్చి వేస్తే ఏం జరిగేదో చూద్దాం. నీలం తెర. పైన, బేసిక్ ప్రోగ్రాములకు 38,911 బైట్లు ఖాళీగా ఉన్నాయన్న సమాచారం. దాని కింద 'రెడీ' అన్న ఒక్క మాట. ఆ మాట కింద మిణుకు మిణుకుమంటూ ఒక చిన్న చదరం. అంతే. బొమ్మలు లేవు, పాటలు లేవు. 'నేను సిద్ధం, నువ్వు చెప్పు' అని యంత్రం ఎదురు చూసేది. ఆ వేగం సెకనుకు పది లక్షల స్పందనలే, మొత్తం జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లే. అయినా ఆడుకోవడానికి కూర్చున్న పిల్లవాడు కూడా ముందు ఏదో ఒకటి టైపు చేయవలసి వచ్చేది. కనీసం ఆటను లోడ్ చేయమని ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఒక్క ఆజ్ఞతో మొదలైనవాళ్ళు ఎందరో తరువాత సొంత ప్రోగ్రాములు రాశారు. మన దేశంలో 1984లో పాఠశాలల కోసం 'క్లాస్' పథకం మొదలైనప్పుడు ఇచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లూ ఇదే తీరువి. స్విచ్చి వేయగానే బేసిక్ భాష, దాని ముందు ఒక గుర్తు, మీ వంతు.

కొత్త పెట్టెలో ఆ 'రెడీ' అసలే లేదనడం అన్యాయం. ఉంది. ఆటల బొమ్మల వరుసలో బేసిక్ కూడా ఒక బొమ్మ! ఒకప్పుడు ఇంటికి గుమ్మంగా ఉన్నదాన్ని తీసుకువచ్చి గోడమీద పటంగా తగిలించారన్నమాట. 2019లో వచ్చిన పూర్తి సైజు 'ది సీ64'లో మాత్రం మీటలు నిజంగా పనిచేస్తాయి, కావాలంటే స్విచ్చి వేయగానే నేరుగా బేసిక్‌లోకి వెళ్ళేట్టు అమర్చుకోవచ్చు. ఈ కుటుంబంలో నేను మెచ్చుకునేది దాన్నే. అయితే అక్కడా లోపలి లైనక్స్ మీతో మాట్లాడదు.

లైనక్స్ మాట్లాడటం అంటే ఏమిటి? దీనికి మీరు పలాస వెళ్ళాలి. హౌరా నుంచి మద్రాసు వైపు వెళ్ళే బండి ఎక్కితే మా ఖరగ్‌పూర్ దాటాక కొన్ని గంటలకు శ్రీకాకుళం జిల్లా పలాస వస్తుంది. అక్కడ జీడిగింజల్ని కాల్చి, గట్టి డొల్లను పగలగొట్టి లోపలి పప్పును తీస్తారు. ఇంగ్లీషులో పప్పును కెర్నెల్ అంటారు, డొల్లను షెల్ అంటారు. కంప్యూటరులో చిప్పునీ, మెమొరీనీ, డిస్కునీ దగ్గరుండి నడిపే ప్రధాన ప్రోగ్రాము కెర్నెల్. దాని చుట్టూ ఉండి మీరు టైపు చేసిన మాటను అందుకొని, అర్థం చేసుకొని, తగిన ప్రోగ్రామును పిలిచి, జవాబును మీకు తెచ్చి చూపేది షెల్. ఈ పేరును 1960లలో మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం పనిచేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పూజాఁ పెట్టాడు. పోలికలో ఒక తేడా ఉంది. జీడిలో పప్పు కోసం డొల్లను పారేస్తాం. ఇక్కడ డొల్ల లేకపోతే పప్పు ఉన్నా మీ నోటికి అందదు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్ గురించి లోకానికి చెప్పినప్పుడు, దానిమీద అప్పటికే నడుస్తున్నట్టు పేర్కొన్న రెండు ప్రోగ్రాముల్లో ఒకటి 'బాష్' అనే షెల్!

ఆటల పెట్టెల్లో ఈ డొల్లకు తాళం వేస్తారు. 2016లో నింటెండో విడుదల చేసిన ఎన్‌ఈఎస్ క్లాసిక్‌లో నాలుగు కోర్ల చిప్పు, 256 మెగాబైట్ల మెమొరీ, దానిమీద లైనక్స్ ఉన్నాయి. 30 ఆటలు తప్ప తెరమీద ఇంకేమీ కనబడదు. కాని కుతూహలం ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? పెట్టె విప్పి, బోర్డు మీద సీరియల్ తీగలకు వదిలిన చిన్న లోహపు మచ్చల్ని వెతికారు. పంపే తీగ ఒకటి, అందుకునే తీగ ఒకటి, భూమి తీగ ఒకటి. ఈ మూడింటినీ తగిన తర్జుమా బోర్డు ద్వారా ఇంకో కంప్యూటరుకు కలిపితే లైనక్స్ మేలుకొనేటప్పుడు గొణిగే మాటలన్నీ అక్షరాలుగా వచ్చాయి. (మీరెవరైనా ఇలాంటి ప్రయత్నం చేస్తే ఒక జాగ్రత్త. ఈ చిప్పుల తీగలు సాధారణంగా 3.3 వోల్టులవి. 5 వోల్టులు తగిలితే చిప్పు కాలిపోవచ్చు.) 2018లో వచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్ కథా దాదాపు ఇదే. అందులో ఆటల్ని నడిపే ఎమ్యులేటరు కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

'లైనక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కదా, తాళం ఎలా వేస్తారు?' అని మీరడగవచ్చు. చాలా మంచి ప్రశ్న. లైనక్స్ కెర్నెల్‌కు వర్తించే జీపీఎల్ రెండవ రూపం ప్రకారం, పెట్టె అమ్మినవాడు అందులోని కెర్నెల్ మూలపాఠాన్ని అడిగినవారికి ఇవ్వాలి. నింటెండో ఇచ్చింది కూడా. అయితే ఆ పెట్టెలో మీరు మార్చిన కెర్నెల్ నడిచితీరాలని ఆ రూపం స్పష్టంగా పట్టుబట్టదు. 2007లో వచ్చిన మూడవ రూపం ఆ లోటును పూరించబోయింది, కాని లైనక్స్ కెర్నెల్ రెండవ రూపంతోనే ఉండిపోయింది. వంట ఎలా చేయాలో రాసిచ్చి వంటింటికి తాళం వేసినట్టుంది ఈ ఏర్పాటు. తయారీదారుల పక్షానా కారణాలు లేకపోలేదు. దొంగ ఆటలు ఎక్కిస్తారన్న భయం ఉంది, పాడుచేసుకొని మరమ్మతుకు తెస్తారన్న భయమూ ఉంది. వాటిని నేను కొట్టిపారేయను. కాని తాళం తప్పనిసరి కాదని ఆ రంగంలోనే రుజువుంది. 2002లో సోనీ తన ప్లేస్టేషన్ 2 కోసం కీబోర్డు, మౌసు, హార్డుడిస్కులతో కలిపి లైనక్స్ కిట్టును తానే అమ్మింది. ప్లేస్టేషన్ 3లోనూ వేరే ఆపరేటింగ్ వ్యవస్థను ఎక్కించుకునే వీలు ఇచ్చి, 2010 ఏప్రిల్‌లో ఒక సాఫ్ట్‌వేరు మార్పుతో వెనక్కి తీసుకుంది. ఇచ్చిన తలుపును మూయడం ఎప్పుడూ ఇవ్వకపోవడం కంటే ఎక్కువ బాధించింది. అమెరికాలో వ్యవహారం కోర్టుకెక్కింది.

ఇక మా ఊరి సంగతికి వస్తాను. ఖరగ్‌పూర్ అంటే మీకు ఐఐటీ గుర్తొస్తుంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఆ సంస్థలో ఇప్పుడు విద్యార్థులే నడిపే ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ ఉంది. కొత్తవాళ్ళను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనిలోకి దింపడానికి వాళ్ళు చలికాలంలో ఒక ప్రత్యేక కార్యక్రమం పెడతారు. పట్టాలకు ఇవతల రైల్వే పట్టణం వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి వర్క్‌షాపులో, లోకోల్లో పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. తెలుగును అధికార భాషల్లో చేర్చాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి మా ఊరి తెలుగువాళ్ళూ ఒక కారణం.

పదో తరగతి చదివే మా మేనల్లుడికి ఆటల పెట్టె కావాలన్న కోరిక. నేను బేరం పెట్టి, దానికి బదులు కీబోర్డులోనే కంప్యూటరు ఇమిడిన ఒక పరికరం ఇప్పించాను. ఈ పద్ధతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చింది 2020 నవంబరులో వచ్చిన రాస్ప్‌బెరీ పై 400. బీబీసీ మైక్రో కాలపు రూపమే, మీటలు నిజమైనవి, 4 గిగాబైట్ల మెమొరీ, విడుదలనాటి ధర 70 డాలర్లు. లైనక్స్ ఇందులో దాగి లేదు. అయితే ఇదీ స్విచ్చి వేయగానే రంగుల బల్లను, దానిమీద బొమ్మల్ని చూపిస్తుంది. షెల్ కావాలంటే ఒక బొమ్మ నొక్కాలి, లేదా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మీటలు కలిపి నొక్కి నల్లని అక్షరాల తెరకు వెళ్ళాలి. నేను అమరికలు మార్చి, మొదటే ఆ నల్లతెర వచ్చేట్టు చేశాను. వాడు రెండురోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు ఇంట్లో పెళ్ళి పని వచ్చింది. మా పెద్ద మేనకోడలి పెళ్ళికి పిలుపుల జాబితా. ఒక్కొక్కరు ఒక్కో ఫోనులో తెలుగులో టైపు చేసి పంపినవన్నీ కలిపితే 312 పేర్లు, ఒక్కో వరుసలో ఒక్కో పేరూ ఊరూ. ఖరగ్‌పూర్‌లో ఎన్ని శుభలేఖలు పంచాలి, విజయనగరానికి ఎన్ని పంపాలి? షెల్ సరిగ్గా ఇలాంటి పనికే పుట్టింది. 'గ్రెప్' అనే ప్రోగ్రాము ఇచ్చిన మాట ఉన్న వరుసల్ని ఏరుతుంది. 'డబ్ల్యూసీ' అనే ప్రోగ్రాము వరుసల్ని లెక్కపెడుతుంది. రెంటి మధ్య ఒక నిలువు గీత పెడితే మొదటిదాని జవాబు నేరుగా రెండోదానికి వెళుతుంది. ఈ గీతను పైపు అంటారు. నీంపురా యార్డులో వ్యాగన్లు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళినట్టు, సమాచారం ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకు మళ్ళుతుంది. ఏ ఒక్క ప్రోగ్రాముకూ పెళ్ళి సంగతి తెలియదు. చిన్న పనిముట్లను మీరే జతచేసి పెద్ద పని చేయించుకుంటారు.

వాడు ఖరగ్‌పూర్ అని కొట్టి లెక్క తీశాడు. "మామయ్యా, 41 మంది!"

మా అమ్మ లోపల్నుంచి విని, "నలభై ఒకటేట్రా! మన క్వార్టర్ల లైన్లోనే అంతమంది ఉంటారు కదేటి!" అంది.

అమ్మ లెక్కే సరైనది. కారణం వెతకడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. ముందు ఆ నల్లతెర మీద తెలుగు అక్షరాలే కనబడలేదు, అన్నీ గళ్ళే. లైనక్స్ సొంత అక్షర తెర ఒకసారికి 512కు మించి అక్షరరూపాల్ని పట్టుకోలేదు. పైగా క, ష కలిస్తే క్ష రూపం వేరుగా వస్తుందన్న సంగతి దానికి తెలియదు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. పూనాలోని సీ-డాక్ సంస్థ 'జిస్ట్' కార్డు డాస్ కాలంలోనే అక్షరాల తెరమీద తెలుగును చూపించింది. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగు లైనక్స్ కోసం పనిచేసి కూడా చాలా ఏళ్ళైంది. అయినా మూలాన ఉన్న ఆ నల్లతెర మన లిపికి ఇంకా గుడ్డిదే. చివరికి రంగుల బల్లకే వెళ్ళి, అక్కడి టెర్మినల్ కిటికీలో పని చేసుకున్నాం. ఆ బల్లను ఎగతాళి చేసినందుకు మేనల్లుడు నావైపు చూసిన చూపు నేను చెప్పను.

అక్కడ జాబితా చదివితే మా ఊరి పేరు మూడు రకాలుగా ఉంది. కొందరు 'ఖరగపూర్' అని రాశారు. అది కంటికి తెలుస్తుంది. ఇంకొందరు గకార పొల్లు కింద పకారాన్ని ఒత్తుగా చేసి 'ఖరగ్పూర్' అని రాశారు. మిగిలినవాళ్ళు 'ఖరగ్‌పూర్' అని రాశారు. చివరి రెంటికీ తేడా ఏమిటి? పొల్లుకూ పకారానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు. అక్షరాలు కలిసి ఒత్తు కాకుండా ఆపడమే దాని పని. ఒక ఫోను కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. మనం రెండూ ఒకటిగానే చదువుకుంటాం. గ్రెప్ అలా చదవదు, బైట్లను పోలుస్తుంది. 'ఓడీ' అనే ప్రోగ్రాముతో బైట్లు చూస్తే ఒత్తున్న పేరు 24 బైట్లు, గుర్తున్న పేరు 27 బైట్లు. మధ్యలో అదనంగా ఈ2, 80, 8సీ అనే మూడు బైట్లు కూర్చుని ఉన్నాయి. వాడి ముఖంలో ఆ క్షణాన కనబడినది ఏ ఆటలోనూ నేను చూడలేదు. (మీరూ ప్రయత్నించండి. 'ఎకో' ఆదేశంతో 'తెలుగు' అన్న మాటను పైపు ద్వారా లెక్కకు పంపండి. చూడటానికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఆరు, ఒక్కొక్కటీ మూడేసి బైట్లు కాబట్టి 18 రావాలి. 19 వస్తుంది. ఆ పంతొమ్మిదోది ఎవరో కనిపెట్టండి.)

షెల్‌ను ఇంత మెచ్చుకున్నాక దాని లోపమూ చెప్పాలి. పాత కమొడోర్‌లో బేసిక్ భాష మార్చడానికి వీలులేని రోమ్ చిప్పులో ఉండేది. పిల్లవాడు ఏం టైపు చేసినా, ఎంత తప్పు చేసినా, స్విచ్చి ఆపి వేస్తే మళ్ళీ అదే నీలం తెర, అదే 'రెడీ'. తప్పు చేయడానికి భయం లేదు. లైనక్స్ షెల్ అలా కాదు. 'ఆర్‌ఎం' అని ఒక ఫైలును తీసేస్తే చెత్తబుట్టలో ఉండదు, పోయినట్టే. సర్వాధికారి హోదాలో ఉంటే వ్యవస్థనంతటినీ తుడిచేయవచ్చు. మా స్టేషనులో 2017లో పెట్టిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు 800 మార్గాల్ని చూసుకుంటుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు మార్గాలకు ఎవరు బటను నొక్కినా అది ఒప్పుకోదు. షెల్‌కు అలాంటి ఇంటర్‌లాకింగు లేదు. చెప్పింది చేస్తుంది. ఈ విషయంలో పాత బేసిక్కే మంచి గురువని ఒప్పుకోక తప్పదు. అది గురువుగా పుట్టింది, షెల్ పనివాడుగా పుట్టింది.

మాకు దెబ్బ తగిలింది మాత్రం కరెంటు వల్ల. వాడు ఫైలు రాస్తుండగా కరెంటు పోయింది, కార్డులోని లైనక్స్ మళ్ళీ మేలుకోలేదు. జాబితా ఫోనులో ఉంది కాబట్టి బతికిపోయాం. కార్డును మళ్ళీ తయారుచేశాక అమరికల్లో 'ఓవర్‌లే' అనే సదుపాయం ఉందని చూశాను. దాన్ని ఎంచుకుంటే కార్డును కేవలం చదువుతుంది, మీరు రాసేవన్నీ మెమొరీలోనే ఉంటాయి. కరెంటు పోతే మీ రాతలన్నీ పోతాయి, వ్యవస్థ మాత్రం చెక్కుచెదరదు. దాచుకోవలసిన ఫైళ్ళను వేరే పెన్‌డ్రైవులో పెట్టుకోవాలి. అంటే కమొడోర్ రోమ్ చిప్పు ఇచ్చిన నిర్భయాన్ని ఒక అమరికతో తిరిగి తెచ్చుకోవచ్చు. ఇది మొదటి నుంచే ఎందుకు అలా ఉంచరో, నేర్చుకునేవాళ్ళ కోసమని చెప్పే యంత్రంలో కూడా ఎందుకు లోతుగా దాచారో నాకు అంతుబట్టదు.

'మరి అసలైన పాత కమొడోర్ 64 మీదే లైనక్స్ నడపలేమా?' నడిపారు! అందులో చిప్పు నేరుగా చూడగలిగే మెమొరీ 65,536 బైట్లే. ఈనాటి కెర్నెల్ ఒక్కటే కొన్ని మెగాబైట్లు. అందుకని 16 మెగాబైట్ల అదనపు మెమొరీ తగిలించి, ఆ చిప్పుచేత ఇంకో రకం చిప్పులా నటింపజేసే ఎమ్యులేటరు రాశారు. 2023లో వచ్చిన ఈ ప్రయోగంలో నిజమైన యంత్రంమీద లైనక్స్ మేలుకోవడానికి సుమారు వారం పడుతుందని అంచనా. గమ్మత్తు చూడండి. కొత్త పెట్టెలో లైనక్స్ పాత కమొడోర్‌లా నటిస్తుంది, ఇక్కడ పాత కమొడోర్ లైనక్స్ కోసం నటిస్తుంది. ఇది చేసినవాళ్ళకు నా నమస్కారం. కాని నేర్చుకునేవాడికి ఇది పనికిరాదు. అడిగిన వెంటనే జవాబు రావడమే షెల్ బలం. తప్పు చేశామని వారం తరువాత తెలిస్తే ఎవరు రెండోసారి అడుగుతారు?

ఈ పెట్టెలేవీ కొనే స్తోమత లేకపోతే దిగులు పడకండి. మీ ఊళ్ళో ఎవరింట్లోనో నెమ్మదైపోయిందని అటకెక్కించిన లాప్‌టాపు ఉంటుంది. దానిమీద లైనక్స్ ఉచితంగా ఎక్కించుకోవచ్చు. పాత ఆకారం లేదన్న మాటే గాని మీటలు దిగుతాయి.

పెళ్ళి జాబితా సంగతి. వాడు 'సెడ్' అనే ఇంకో ప్రోగ్రాము పట్టుకొని మూడు రకాల ఖరగ్‌పూర్‌లనూ ఒకటి చేశాడు. లెక్క 67కు వచ్చింది. అమ్మ ఇంకా నలుగురు తక్కువంటోంది. వాళ్ళు అసలు జాబితాలోనే లేరని వాడి వాదన. విజయనగరం కూడా రెండు రకాలుగా ఉందట, ఆదివారం చూస్తానన్నాడు.